హమీద్ జబాన్, కిట్టీ ఖామోషీ



మొన్న రమజాన్ ఈద్ నాడు మా ఇంట్లో జరిగిన చిన్న కిస్సాతో మొదలుపెడతాను. మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ ఎత్తేశాక పిల్లలంతా ఒక ఫోన్ చుట్టూ చేరారు. మా అన్న కొడుకు పాత దూరదర్శన్ సీరియల్ ఏదో పెట్టాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న డిటెక్టివ్ ఒకాయన క్యారెట్టు కరకరా నములుతున్నాడు. గుమ్మంలోంచే గుర్తుపట్టాను, 'కరమ్‌చంద్'! వెళ్లి పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. పదకొండేళ్ల మా అమ్మాయి పక్కనుంచి ఒకటే ప్రశ్నలు. ఈయన క్యారెట్టే ఎందుకు తింటాడు అబ్బా? ఆ అమ్మాయికి జీతం ఇస్తాడా? ఖూనీ చేసింది వాడే కదా? నలభై ఏళ్ల నాటి అలవాటు నాలుక మీదికొచ్చి, "షటప్ కిట్టీ!" అనేశాను. అందరూ పకపకా నవ్వారు. నా కూతురు కూడా నవ్వింది.

షీర్ ఖుర్మా కటోరాలు సర్దుతున్న మా ఆపా మాత్రం నవ్వలేదు. "ఆ మాట ఇంకా పోలేదా నీ నోట్లోంచి?" అంది. కటోరాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈసారి ఒక హాస్య జాసూసీ సీరియల్ తారీఖ్ రాస్తున్నాను. నవ్వులాటకి కూడా ఒక తారీఖ్ ఉంటుంది. అందులో ఎవరు మాట్లాడారో, ఎవరి నోరు మూయించారో కూడా ఉంటుంది.

కరమ్‌చంద్ 1985లో వచ్చాడు. అప్పటికి మన దేశంలో టీవీ జమానా మారిపోతోంది. 1982 ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమం, రంగుల ప్రసారం మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరులో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. 1984లో ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు లేచాయి. ఆ ఏడాది జులై 7న 'హమ్ లోగ్' మొదలైంది. మ్యాగీ నూడుల్స్ కంపెనీ దానికి ఖర్చు పెట్టుకుంది. సర్కారీ టీవీలో కంపెనీల ఇశ్తెహార్ డబ్బుతో, బయటి నిర్మాతల చేతుల్లో సీరియళ్లు తయారయ్యే పద్ధతి అక్కడినుంచి ఊపందుకుంది. పంటల కార్యక్రమాలు, వార్తలు చూసి చూసి విసిగిన జనానికి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కథలు దొరికాయి. 'యే జో హై జిందగీ' నవ్వించింది. ఆ తర్వాత 'కరమ్‌చంద్' నవ్విస్తూనే హంతకుణ్ణి పట్టించింది.

దాన్ని తీసినాయన పంకజ్ పరాశర్. ఈయనే తర్వాత శ్రీదేవితో 'చాల్‌బాజ్' తీశాడు. కరమ్‌చంద్‌గా పంకజ్ కపూర్, అసిస్టెంట్ కిట్టీగా సుష్మితా ముఖర్జీ నటించారు. పంకజ్ కపూర్ ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివిన ఆర్టిస్ట్. 1982 నాటి 'గాంధీ' సినిమాలో గాంధీజీ సెక్రటరీ ప్యారేలాల్ వేషం ఆయనదే. ఆ సినిమా హిందీలోకి వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీకి గొంతు ఇచ్చింది కూడా ఆయనే. గమ్మత్తు చూడండి. హిందీలో మహాత్ముడి మాటలు పలికిన గొంతే మూడేళ్ల తర్వాత వారం వారం "షటప్ కిట్టీ" అన్నది.

ఆ జోడీయే సీరియల్‌కి ప్రాణం. కరమ్‌చంద్ మనిషి తిక్క, మాట తక్కువ, బుర్ర పాదరసం. కిట్టీ అమాయకురాలు, ముస్తాబు ఎక్కువ, నోరు ఆగదు. ఎదురుగా శవం ఉన్నా ఆమె ఏదో ఒక వెర్రి ప్రశ్న అడుగుతుంది. ఆయన కసురుకుంటాడు. ఆఖర్న గుట్టు విప్పగానే ఆమె "సర్, మీరు జీనియస్!" అంటుంది. ఆయన మళ్లీ "షటప్ కిట్టీ" అంటాడు. ఇంగ్లిష్ ముక్క రాని మా దాదీ కూడా ఆ రెండు మాటలు నేర్చుకుంది.

మాది భువనగిరి. కోటగుట్ట నీడలో మా మొహల్లా. హైదరాబాద్ దూరదర్శన్ 1977 నుంచే ఉన్నా మాకు అది యాభై కిలోమీటర్ల దూరం. పొడుగు గొట్టానికి యాంటెన్నా కట్టి, గాలికి తిరిగిపోయినప్పుడల్లా ఒకడు మిద్దె మీదికెక్కి "ఆయా? ఆయా?" అని అరవాలి. మా గల్లీలో టీవీ ఉన్న రెండిళ్లలో మాదొకటి. కరమ్‌చంద్ వచ్చే రాత్రి మా హాల్లో చాప మీద పాతికమందైనా ఉండేవాళ్లు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆపా పదో తరగతి.

ఆపాకి ఒక గుణం ఉండేది. సీరియల్ సగంలోనే "ఖూనీ వీడే చేశాడు" అనేది. సబబు కూడా చెప్పేది. "వాడు గడియారం చూశాడు కదా, టైం అడిగాడెందుకు?" ఇలా ఉండేవి ఆమె ప్రశ్నలు. పదిసార్లలో ఏడెనిమిది సార్లు ఆమె చెప్పినవాడే దొరికేవాడు. ఆమె నోరు తెరవగానే చాప మీదున్న పిల్లల సైన్యమంతా ఒక్క గొంతుతో "షటప్ కిట్టీ!" అనేవాళ్లం. మా చాప మీద కరమ్‌చంద్ దిమాగ్ ఎవరిదో మాకప్పుడు తట్టలేదు. ఆడపిల్ల మాట్లాడింది కాబట్టి ఆమె కిట్టీ. అంతే లెక్క.

ఆపాకి ఆ దిమాగ్ టీవీ ఇవ్వలేదు. ఆమె తకియా గిలాఫ్‌లో ఎప్పుడూ ఒక కితాబ్ దాగి ఉండేది. కిరాయి లైబ్రరీ నుంచి మా మామూజాన్ తెచ్చేవారు, ఆపా రాత్రికి రాత్రి చదివి తిరిగిచ్చేది. రాసింది ఇబ్నె సఫీ. ఉర్దూ చదివే ఇళ్లలో ఈ పేరుకి పరిచయం అక్కర్లేదు. తెలుగు, ఇంగ్లిష్ మీడియంలో పెరిగిన మన పిల్లల కోసం రెండు ముక్కలు చెబుతాను.

అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928 జులై 26న అలహాబాద్ జిల్లా నారా గ్రామంలో పుట్టారు. మొదట షాయర్, తఖల్లుస్ అస్రార్ నార్వీ. ఒకసారి దోస్తుల మధ్య బహస్ నడిచింది. ఉర్దూలో బూతు రాస్తే తప్ప కితాబ్ అమ్ముడుపోదని ఎవరో అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. బూతు లేకుండా రాసి చూపిస్తానన్నారు. అలా అలహాబాద్‌లో అబ్బాస్ హుసైనీ నడిపే నక్‌హత్ సంస్థ నుంచి 1952 మార్చిలో 'జాసూసీ దునియా' మొదటి నవల 'దిలేర్ ముజ్రిమ్' వచ్చింది. అదే ఏడాది ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయారు. కితాబులు మాత్రం అటూ ఇటూ రెండు చోట్లా అచ్చవుతూనే ఉన్నాయి. 1955లో 'ఇమ్రాన్ సిరీస్' మొదలుపెట్టారు. రెండు సిరీస్‌లూ కలిపి రెండు వందలకు పైగా నవలలు. 1980 జులై 26న, సరిగ్గా పుట్టినరోజు నాడే, కరాచీలో ఇంతెఖాల్ అయ్యారు. బూతు లేని కితాబ్ కాబట్టి అది పరదా చాటుకి కూడా చేరింది. అయినా మా దాదీ "జాసూసీ చదివితే లడ్కీ బిగడ్ జాతీ" అనేది. అందుకే తకియా గిలాఫ్.

జాసూసీ దునియా నడిచేది కూడా పొంతన లేని జోడీ మీదే. కర్నల్ అహ్మద్ కమాల్ ఫరీదీ, కెప్టెన్ సాజిద్ హమీద్. వీళ్లు ప్రైవేటు డిటెక్టివ్‌లు కారు, సర్కారీ మనుషులు. ఫరీదీ ఖాన్‌దానీ రయీస్, గంభీరం, ఆడవాళ్ల వైపు కన్నెత్తడు, సిగార్ తాగుతాడు, పాముల్నీ కుక్కల్నీ పెంచుతాడు. హమీద్‌కి అమ్మాయిలంటే ఇష్టం, పని అంటే బద్ధకం. పైప్ తాగుతూ, మేకపోతును పెంచుకుని వెంట తిప్పుకుంటాడు. ఒకరికి తూర్పు, ఇంకొకరికి పడమర.

కానీ హమీద్‌కి జబాన్ ఉంది. ఫరీదీ ఒకటంటే హమీద్ రెండంటాడు. అలుగుతాడు, వెటకారం చేస్తాడు, పెద్దాయన గంభీరాన్ని ఆయన మొహం మీదే ఆటపట్టిస్తాడు. ఫరీదీ కసురుతాడు, అప్పుడప్పుడు నవ్వాపుకుంటాడు. కథ చాలాచోట్ల హమీద్ వెంటే నడుస్తుంది. అతను చేసే హంగామా వల్లే ఒక్కోసారి ముడి విడుతుంది. ఫరీదీ దిమాగ్‌కి సలాం కొట్టిన పాఠకుడు మనసు మాత్రం హమీద్‌కే ఇచ్చాడు.

ఇక్కడ ఒక మాట. ఈ నవలలు హిందీలోకి వెళ్లినప్పుడు ఫరీదీ పేరు వినోద్ అయింది. ఇమ్రాన్ రాజేశ్ అయ్యాడు. హమీద్ మాత్రం హమీదే. అంటే లక్షల మంది హిందీ పాఠకులు కర్నల్ వినోద్, కెప్టెన్ హమీద్ జోడీని చదువుకున్నారు. పెద్దాయన పేరు మారినందుకు మన మనసు కొంచెం చివుక్కుమంటుంది. హఖీకత్ ఇంకోటి కూడా ఉంది. ఆ జోడీలో చిన్న ఉద్యోగం ముస్లిం పేరున్న హమీద్‌దే అయినా అతని నోటికి తాళం పడలేదు. పెద్దాయన వినోద్ అయినా ఫరీదీ అయినా హమీద్ జవాబు అలాగే ఉంది.

జాసూసీ కథకి అసలు అసిస్టెంట్ ఎందుకు? 1887లో షెర్లాక్ హోమ్స్ మొదటి నవల వచ్చినప్పుడే ఆయన పక్కన డాక్టర్ వాట్సన్ ఉన్నాడు. డిటెక్టివ్ బుర్రలో ఏముందో మనకు కనపడదు. "మీకెలా తెలిసింది?" అని ఎవరో ఒకరు అడగాలి. అప్పుడే ఆయన చెబుతాడు. ఆ అడిగేవాడు మన వకీలు. మన తరఫున మన ప్రశ్నే అడుగుతాడు. ఈ లెక్కన కిట్టీ కూడా మన తరఫునే అడిగింది. ఆమె ప్రశ్న లేకపోతే కరమ్‌చంద్ క్యారెట్టు నములుతూ కూర్చునేవాడు, కథ మనకి చేరేది కాదు. మన వకీలు నోరు మూయిస్తుంటే మనమే చప్పట్లు కొట్టాం.

అదే రోజుల్లో అమెరికా టీవీలో ఏం నడుస్తోంది? అక్కడ 1982లో 'రెమింగ్టన్ స్టీల్' మొదలైంది. కథ వింటే నవ్వూ వస్తుంది, గుండెలో ముల్లూ గుచ్చుకుంటుంది. లారా హోల్ట్ అనే అమ్మాయి డిటెక్టివ్ ఏజెన్సీ పెడుతుంది. ఆడ డిటెక్టివ్ దగ్గరికి ఎవరూ రారు. అప్పుడామె రెమింగ్టన్ స్టీల్ అనే మగ బాస్‌ని ఊహించి, ఆయన పేరు బోర్డు మీద రాయిస్తుంది. కేసులు వస్తాయి. కొన్నాళ్లకి ఒక అందగాడు ఆ పేరు తనదేనంటూ వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఆ వేషం పియర్స్ బ్రాస్నన్‌ది. దిమాగ్ ఆమెది, నామ్ ఆయనది. దానికి పనిచేసిన గ్లెన్ గోర్డన్ కారన్ 1985లో 'మూన్‌లైటింగ్' తయారుచేశాడు. అందులో బ్లూ మూన్ ఏజెన్సీకి మాలిక్ మాడీ హేస్. ఆమె పక్కన వాగుడుకాయ డేవిడ్ అడిసన్, ఆ వేషంలో బ్రూస్ విల్లిస్. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడతారు. ఎవరూ ఎవరికీ తగ్గరు. కరమ్‌చంద్, మూన్‌లైటింగ్ ఒకే ఏడాది పిల్లలు. రెండూ నవ్విస్తాయి. నవ్వు ఎవరి మీదన్నదే ఫరక్.

మన తెలుగులో చూస్తే కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అప్పటికే ఇంటింటికీ తెలుసు. అది గంభీరమైన జోడీ, రాజు మర్యాదస్తుడు. తెలుగు డిటెక్టివ్‌ని చూసి కడుపుబ్బ నవ్వుకున్నది 1986లో, మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన 'చంటబ్బాయ్'తో. అందులో చిరంజీవి పేరు పాండురంగారావు, తనకు తాను పెట్టుకున్న పేరు జేమ్స్ పాండ్. ఇక్కడ నవ్వు అసిస్టెంట్ మీద కాదు, డిటెక్టివ్ తన మీదే వేసుకున్నాడు. ఇబ్నె సఫీ ఇమ్రాన్ కూడా ఇంతే. పెద్ద చదువులు చదివి, పిచ్చివాడిలా బట్టలు కట్టి, చూయింగ్ గమ్ నములుతూ తిరుగుతాడు. ఎదుటివాడు వీడొక అహ్మఖ్ అనుకునేలోగా పని అయిపోతుంది. కరమ్‌చంద్ క్యారెట్టు చూసినప్పుడల్లా ఆపా "ఇమ్రాన్ చూయింగ్ గమ్‌కి ఇది చుట్టమే" అనేది.

దూరదర్శన్ కూడా తర్వాత మారింది. 1993లో బాసూ ఛటర్జీ తీసిన 'బ్యోమ్‌కేశ్ బక్షీ'లో రజిత్ కపూర్ పక్కన కె.కె.రైనా వేసిన అజిత్ దోస్తు, రచయిత. పరువు ఉన్న మనిషి. 1994లో వచ్చిన 'తహ్‌కీకాత్'లో దేవానంద్ తమ్ముడు విజయ్ ఆనంద్ డిటెక్టివ్ శామ్ డిసిల్వా అయ్యాడు. ఆయన పక్కన గోపీచంద్‌గా సౌరభ్ శుక్లా. ఒకరు సన్నగా తీరుగా, ఒకరు లావుగా తొట్రుపడుతూ. ఆ గోపీచంద్‌ని చూసీ నవ్వాం. కానీ ఏ ఇంట్లోనూ తమ్ముడు అన్నని గోపీచంద్ పేరుతో నోరు మూయించగా నేను వినలేదు. కిట్టీ పేరొక్కటే ఇళ్లల్లోకి వచ్చి స్థిరపడింది. ఆడపిల్ల నోరు మూయించడానికి మన ఇళ్లకి అప్పటికే చాలా మాటలున్నాయి. ఇది కొత్తది, ఇంగ్లిష్‌ది, పైగా నవ్వుతూ అనొచ్చు. అనేవాడికి గునాహ్ అనిపించదు, పడేవాళ్లు కోపం తెచ్చుకుంటే "మజాక్ కూడా తెలీదా" అనొచ్చు.

ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పాలి. ఇందులో సుష్మితా ముఖర్జీ తప్పు రవ్వంత లేదు. ఆమె కూడా నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివినావిడే. వెర్రిదానిలా కనిపించడానికి ఎంత తెలివి కావాలో ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. పంకజ్ కపూర్ కసురు కూడా ఆమె అమాయకత్వం వల్లే పండింది. 2007లో సోనీ టీవీలో ఇదే సీరియల్ మళ్లీ తీశారు. పంకజ్ కపూరే కరమ్‌చంద్, కిట్టీగా సుచేతా ఖన్నా. పాత గాలి మళ్లీ వీయలేదు. నాకు తోచిన కారణం ఒకటే. 1985లో దేశమంతటికీ ఒకే ఛానెల్, ఒకే చాప. 2007లో ఎవరి రిమోట్ వాళ్ల చేతిలో ఉంది.

ఇక ఆ చాప దగ్గరికి వస్తాను. రాయకుండా దాటేద్దామనుకున్నది ఇదే.

ఆపా పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది. ఇంటర్ చదువుతానంది. కాలేజీ దూరం, ఉర్దూ మీడియం లేదు, పైగా ఒక రిష్తా మాట నడుస్తోంది. ఒక రాత్రి హాల్లో అబ్బా, దాదీ, చిచ్చా అందరూ కూర్చున్నారు. అబ్బా ఇంకా అటో ఇటో తేల్చుకోలేదు. ఆపా తలుపు దగ్గర నిలబడి, దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ, "అబ్బా, నేనొక మాట చెప్పనా? తెలుగు మీడియంలోనైనా సరే..." అని మొదలుపెట్టింది. మూలన కూర్చున్న నేను, అందర్నీ నవ్విద్దామని, "షటప్ కిట్టీ!" అని అరిచాను.

హాలంతా నవ్వింది. అబ్బా కూడా నవ్వేశారు. నవ్వు ఆగాక దాదీ రిష్తా సంగతి ఎత్తింది. ఆపా తలుపు దగ్గర ఇంకాసేపు నిలబడి లోపలికి వెళ్లింది. మరుసటి ఏడాది షాదీ అయింది. తెలుగు మీడియంలోనైనా సరే అన్న ఆమె మాట ఎటు పోయిందో కానీ, తర్వాత తెలుగులో డిగ్రీ చేసి ఆ భాషలోనే రోటీ సంపాదించుకుంటున్నది నేను.

ఈద్ అయిన మూడో రోజు ఆపా దగ్గర కూర్చుని ఈ సంగతి ఎత్తాను. మాఫీ అడగడం మగవాళ్లకి ఎవరూ నేర్పరు, తడబడ్డాను. ఆపా తమలపాకుకి సున్నం రాస్తూ వింది.

"పాగల్, ఎనిమిదేళ్ల పోరడివి నువ్వు. నువ్వు అనకపోయినా అబ్బా వద్దనేవారే కావచ్చు. అల్లాహ్‌కే తెలుసు. కానీ నా మాట పూర్తయ్యేది" అంది.

నేనేమీ మాట్లాడలేదు.

కాసేపటికి ఆమే లేచి బీరువాలోంచి అట్ట చిరిగిన కితాబ్ ఒకటి తీసింది. జాసూసీ దునియా. మామూజాన్ మర్హూమ్ లైబ్రరీకి తిరిగివ్వకుండా ఆమెకే ఉంచేసిన ఒకే ఒక్కటి. మా అమ్మాయికి ఉర్దూ చదవడం రాదు, ఆ ఖుసూర్ కూడా నాదే. ఆపా దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలోనే దానికి ప్రశ్న వచ్చింది. "ఫుప్పూ, ఈ హమీద్ పెద్దసారుతో అలా ఎందుకు మాట్లాడతాడు? సార్ కొట్టడా?"

ఆపా కితాబ్ మూసి, వేలు పేజీలోనే ఉంచి, జవాబు చెప్పింది. అది ఇంకొకటి అడిగింది. దానికీ చెప్పింది. ఇషా అజాన్ అయ్యేసరికి నాలుగు పేజీలే అయ్యాయి.